అబ్రహాము లింకను జననీజనకులు

ప్రతి సంవత్సరము పాఠశాల తెఱచు దినములలో ప్రవేశపు రిజిష్టరు నా యెదుట నుండును. విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, ఈ మూడు గడులను పూరించుట మిక్కిలి సులభమని చూచువారు తలంతురు. ఆ బల్లయొద్ద ననేక సంవత్సరములు కూర్చున్నవానికి మాత్రమే యందలి కష్టము తెలియును. బాప్తిస్మపు పుస్తకమున నొక తేదియు, ఆధారు పత్రమున నింకొక తేదియు, తల్లి జ్ఞాపకమున వేఱొక తేదియు నుండుట నేను పలుమాఱులు చూచితిని. పెద్దవారి సంగతి మఱింత చిత్రముగా నుండును. 1977వ సంవత్సరపు దివిసీమ యుప్పెననాటికి తాను పలక పట్టిన పిల్లనని యొక అవ్వ చెప్పును. ఆమె పత్రమున మాత్రము జూలై 1వ తేదియని యుండును. తేది యెఱుగనివారి కందఱికిని ఆనాటి ఉపాధ్యాయు డా తేదినే వ్రాసి యుండును.

తేది తప్పినయెడల దిద్దవచ్చును. తండ్రి పేరను గడి యట్టిది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట నొక తల్లి తన కుమారుని చేర్పించుటకు వచ్చి, ఆ గడియొద్ద కొంతసేపు మౌనముగా నిలిచి, పిమ్మట నొక పేరు చెప్పెను. నేను వ్రాసికొంటిని. ఏడాది తిరుగకముందే యా బాలుడు తరగతి గది వెనుక నొంటరిగా నిలిచి యేడ్చుచుండుట చూచితిని. తమ యిండ్లలో పెద్దలు గుసగుసలాడుకొనగా వినిన మాట నొకదానిని తోడి బాలురు వాని ముఖముననే యనిరి. వానిని ఓదార్చుట కేమి చెప్పవలెనో యప్పుడు నాకు తోచలేదు. మఱునాడు వానిని ప్రక్కను కూర్చుండబెట్టుకొని నేను చెప్పిన కథ యిది. నాడు క్లుప్తముగా చెప్పితిని. నేడు సవిస్తరముగా వ్రాయుచున్నాను.

అబ్రహాము లింకను అమెరికా సంయుక్త రాష్ట్రములకు 16వ అధ్యక్షుడు. 1861 మార్చి 4వ తేదిని ఆయన యా పదవిని స్వీకరించెను. 1863 జనవరి 1వ తేదిని, తిరుగుబాటు చేసిన రాష్ట్రములలోని బానిసలు స్వతంత్రులని ప్రకటన చేసెను. 1865 ఏప్రిలు 14వ తేది రాత్రి నాటకశాలలో నొక హంతకుని తుపాకిగుండు తగిలి, మఱునాటి యుదయమున గతించెను. ఈ సంగతులు బాలబాలికలందఱును చరిత్ర పుస్తకములలో చదివినవే. అయితే యాయన తల్లిదండ్రుల వివాహము జరిగెనా, ఆయన తండ్రి యెవరు, ఆయన తల్లి యెవరి కుమార్తె యను ప్రశ్నలనుగూర్చి నూఱేండ్లకు మించి వివాదము జరిగెనని యెఱిగినవారు కొందఱే.

మొదట ఆయన బాల్యమును చూతము. ఆయన తాత పేరును అబ్రహాము లింకనే. ఆ తాత వర్జీనియానుండి కెంటకీ యడవులకు కుటుంబముతో వలసవచ్చి, 1786లో తన పొలమున పని చేయుచుండగా ఆ దేశపు ఆదిమవాసులచేత చంపబడెను. అప్పుడు చిన్నవాడగు థామసు తండ్రి శవము ప్రక్కనే యుండగా, పెద్దన్న మోర్డికై తుపాకి పేల్చి తమ్ముని కాపాడెను. తండ్రిలేనివాడై పెరిగిన థామసు వడ్రంగము నేర్చి, కూడబెట్టిన ధనముతో భూమి కొనెను. అతడు పెండ్లాడిన స్త్రీ నాన్సీ హాంక్సు. వారికి 1807 ఫిబ్రవరి 10వ తేదిని సారా యను కుమార్తె పుట్టెను. 1808 డిసెంబరులో థామసు 200 డాలర్లు చెల్లించి హార్డిన్ జిల్లాలో నొక పొలమును సంపాదించెను. ఆ పొలమున, దుంగలతో కట్టిన ఒంటిగది యింటిలో, 1809 ఫిబ్రవరి 12వ తేది ఆదివారమున అబ్రహాము జన్మించెను. అతని తరువాత పుట్టిన తమ్ముడు పసితనముననే మరణించెను.

ఆ కాలమున కెంటకీలో భూముల కొలతలు సరిగా లేవు. ఒకే భూమికి ఇద్దఱు ముగ్గురు హక్కుదారులు పత్రములు చూపుచుండిరి. థామసు లింకను ఇట్టి వ్యాజ్యములలో నష్టపోయి, 1816లో కుటుంబముతో ఇండియానాకు పోయెను. అచ్చట బానిసత్వము లేకుండుటయు అతడా దేశమును కోరుట కొక కారణము. తండ్రిని ఊరు విడిపించినవి సరిలేని కాగితములే. కుమారుని పుట్టుకపై నింద మోపినదియు నొక కాగితము కనబడకపోవుటయే యని ముందు తెలియగలదు.

1818లో ఆ ప్రాంతమున పాలజబ్బు ప్రబలెను. ఒక విషపు మొక్కను మేసిన ఆవుల పాలు త్రాగినవారికి ఆ జబ్బు వచ్చుచుండెను. నాన్సీని పెంచిన పినతల్లి ఎలిజబెత్తును, ఆమె భర్త థామసు స్పారోయును దానివలన మరణించిరి. పిమ్మట అక్టోబరు 5వ తేదిని నాన్సీయును కన్ను మూసెను. అబ్రహామునకు అప్పటికి తొమ్మిదేండ్లు. తండ్రి తానే శవపేటిక చేసెను. 1819 డిసెంబరు 2వ తేదిని థామసు లింకను కెంటకీలోని ఎలిజబెత్తుటౌనునకు పోయి, సారా బుష్ జాన్‌స్టన్ అను ముగ్గురు బిడ్డల వితంతువును పెండ్లాడి తోడ్కొనివచ్చెను. ఆమె సవతితల్లియయ్యు, అబ్రహామును తన బిడ్డలతో సమానముగా ప్రేమించి, వాని చదువునకు తోడ్పడెను. అక్క సారా 1828లో ప్రసవసమయమున బిడ్డతో కూడ మరణించెను. తండ్రి 1851లో గతించెను.

ఇక మొదటి తికమకను చూతము. 1860 మే నెలలో నొక పక్షమువారు లింకనును అధ్యక్షపదవికి అభ్యర్థిగా ఎన్నుకొనగానే, ఆయన యెవరి వంశమువాడని దేశమంతయు నడుగసాగెను. ఎలిజబెత్తుటౌను కోర్టులో గుమాస్తాగా నుండిన శామ్యూలు హేక్రాఫ్టు అను పెద్దమనిషి 1819 నాటి పెండ్లి దస్తావేజు నెఱిగినవాడు. అందు థామసు లింకను పేరును, సారా బుష్ పేరును ఉండెను. ఆ దస్తావేజునుబట్టి లింకను తల్లి సారా బుష్ అని తలంచి, ఆయనకే జాబు వ్రాసెను. లింకను మే 28వ తేదిని మిక్కిలి మర్యాదగా బదులు వ్రాసెను. తండ్రి థామసు లింకననుట నిజమనియు, సారా బుష్ తండ్రికి రెండవ భార్యయనియు, తన కన్నతల్లి నాన్సీ హాంక్సు అనియు, తాను ఎలిజబెత్తుటౌనులో పుట్టలేదనియు, అచ్చట పుట్టినది తన యక్క యనియు అందు తెలిపెను.

విద్యార్థులారా, ఇచ్చట నొక సంగతి గమనింపుడు. హేక్రాఫ్టు చూచిన దస్తావేజు నిజమైనది. అందలి పేర్లు నిజము. తేది నిజము. అయినను దానినుండి యాయన తీసిన తీర్పు తప్పు. తండ్రియొక్క పెండ్లి దస్తావేజు తండ్రి పెండ్లిని మాత్రమే చెప్పును. బిడ్డ పుట్టిన సంవత్సరమును దాని ప్రక్కను పెట్టి చూచినగాని తల్లి యెవరో చెప్పరాదు. 1819లో పెండ్లియైన స్త్రీ 1809లో పుట్టిన ఆ యింటి బిడ్డకు కన్నతల్లి యనుటకుముందు, ఆ యింట అంతకుముందొక యిల్లాలుండెనా యని విచారింపవలసి యుండెను.

రెండవ చిక్కు దీనికంటె కఠినమైనది. థామసు లింకను కాపురముండిన ప్రాంతము హార్డిన్ జిల్లా. కనుక నాన్సీతో అతని వివాహము వ్రాయబడియుండవలసిన చోటు ఆ జిల్లా కచేరియేయని అందఱును తలంచిరి. అచ్చట రెండవ పెండ్లి దస్తావేజు కలదు. మొదటి పెండ్లి దస్తావేజు లేదు. లింకను మరణించిన యేడు సంవత్సరములకు, 1872లో, ఆయన మిత్రుడగు వార్డు హిల్ లామన్ పేరిట నొక జీవితచరిత్ర వెలువడెను. థామసునకును నాన్సీకిని వివాహమైనట్లు సాక్ష్యము లేదని అందు సూచింపబడెను. దేశమునకు తండ్రివంటివాడైన మహాపురుషుని తల్లిమీద ఇంతటి నింద అచ్చుపుస్తకమున కెక్కెను. దానిని కాదని చెప్పుటకు ఆమె లేదు, భర్త లేడు, కుమారుడు లేడు.

అయితే పెండ్లి జరుగునది తఱచుగా వరుని యూర కాదుగదా! మన దేశముననే యెన్ని పెండ్లిండ్లు వధువు పుట్టినింట జరుగుచున్నవి! నాన్సీ పెండ్లినాటికి వాషింగ్టను జిల్లాలో, స్ప్రింగుఫీల్డు అను గ్రామము చెంత, రిచర్డు బెర్రీ యను బంధువుని యింట నుండెను. కెంటకీలోని యీ చిన్న యూరు వేఱు. లింకను పిమ్మట న్యాయవాదిగా నివసించిన ఇల్లినాయి రాష్ట్రపు స్ప్రింగుఫీల్డు పట్టణము వేఱు. 1878లో వాషింగ్టను జిల్లా కచేరి గుమాస్తా బుకర్ అను నాయన అచ్చటి పాత కాగితముల కట్టలు విప్పి వెదకగా, ఆ పత్రములు బయల్పడెను. ఒకటి 1806 జూన్ 10వ తేదిని వ్రాసిన 50 పౌండ్ల పూచీపత్రము. దానిమీద థామసు లింకను సంతకమును, రిచర్డు బెర్రీ సంతకమును కలవు. రెండవది జెస్సీ హెడ్డు అను మెథడిస్టు బోధకుడు తాను చేసిన వివాహములను జాబితాగా వ్రాసి కచేరికి దాఖలు చేసిన కాగితము. అందు థామసు లింకనునకును నాన్సీ హాంక్సునకును 1806 జూన్ 12వ తేదిని వివాహము చేసినట్లు వ్రాయబడి యున్నది.

డెబ్బదిరెండు సంవత్సరములు ఆ కాగితములు ప్రక్క జిల్లాలోనే యుండెను. వానిని ఎవరును దాచలేదు. వెదకవలసినచోట వెదకినవారు లేకపోయిరి. వెదకినచోట కనబడనంతమాత్రమున లేనే లేదని తీర్మానించుట యెంత యన్యాయమో దీనివలన తెలియుచున్నది. మఱు సంవత్సరమున, అనగా 1879లో, పీటరు స్టూడ్‌బేకరు అను వర్తకుడు తన సొమ్ముతో నాన్సీ సమాధిమీద చెక్కిన రాయి నొకదానిని నిలిపెను. ఆమె పేరునకు పట్టిన మచ్చయు, ఆమె గోరీకి పట్టిన మఱపును ఒక్క యేడాది వ్యవధిలో తొలగుట ఆరంభమయ్యెను.

నిప్పులేనిదే పొగ రాదని లోకులందురు. పెండ్లి దస్తావేజు దొరకినను పుకారు ఆగలేదు. ఎవడైన నొకడు మహాపురుషుడైనయెడల, బీదవడ్రంగి యింట అట్టివాడు పుట్టునాయని లోకము సందేహించును. కొందఱు కెంటకీలోని యొక పొరుగువానిని, కొందఱు ఉత్తర కరోలినాలోని ఏబ్రహాము ఎన్లో అను భూస్వామిని, మఱికొందఱు దేశమున ప్రసిద్ధులైన రాజకీయజ్ఞులను లింకనునకు తండ్రులని చెప్పిరి. 1899లో ఎన్లో కథను స్థాపించుటకొక పుస్తకమే ప్రకటింపబడెను.

విలియము ఇ. బార్టన్ అను క్రైస్తవ బోధకుడు ఈ కథలనన్నింటిని ఒక్కొక్కటిగా పరీక్షింప పూనుకొనెను. ఆయన ఊరూర తిరిగి, కోర్టు పుస్తకములను, పన్నుల జాబితాలను, భూమి దస్తావేజులను చూచి, 1920లో తన విచారణను ప్రకటించెను. ఆయన యనుసరించిన మార్గము మన బాలురు లెక్కలలో ననుసరించునదియే. ప్రతి కథను కాలముతోను స్థలముతోను సరిచూచెను. 1806 జూన్‌లో పెండ్లి. 1807 ఫిబ్రవరిలో మొదటి బిడ్డ. 1808 డిసెంబరులో పొలము కొనుట. 1809 ఫిబ్రవరిలో రెండవ బిడ్డ. ఈ కాలమంతయు భార్యాభర్తలు కెంటకీలో నొక్క కాపురముననే యున్నట్లు దస్తావేజులు చెప్పుచున్నవి. నాన్సీ ఉత్తర కరోలినాలో నొకరి యింట పనిచేసెనను కథ ఈ తేదుల ముందర నిలువలేదు. ఆ కథ చెప్పినవారిలో పెక్కురు, జరిగినదని తాము చెప్పు సంగతి కెన్నో సంవత్సరములకు తరువాత పుట్టినవారు. లింకనునకు తండ్రి థామసు లింకనేయని బార్టన్ నిర్ధారణ చేసెను. పిమ్మట వచ్చిన చరిత్రకారులును దానినే అంగీకరించిరి.

మూడవ ప్రశ్న లింకను తల్లియొక్క తల్లినిగూర్చినది. దీనిలో వైరులు చేసిన అపకారముకంటె మిత్రులు చేసిన అపకారమే యెక్కువ. నాన్సీ 1784 ప్రాంతమున వర్జీనియాలో పుట్టెను. హాంక్సు వంశమునకు చెందిన కారొలైను హాంక్సు హిచ్‌కాక్ అను నామె 1899లో నాన్సీ చరిత్రను ప్రకటించెను. కెంటకీలోని నెల్సను జిల్లాలో జోసెఫ్ హాంక్సు అను రైతు 1793లో వ్రాసిన మరణశాసన మామెకు దొరకెను. అందు కుమారులకు గుఱ్ఱములును, ఎలిజబెత్తు, పాలీ, నాన్సీ యను కుమార్తెలకు ఒక్కొక్క పెయ్యయును ఇయ్యబడెను. నాన్సీకి వచ్చిన పెయ్యకు మచ్చల పెయ్య యను అర్థము వచ్చు పేరు గూడ వ్రాయబడి యుండెను. లింకను తల్లి యా నాన్సీయేయని హిచ్‌కాక్ నిశ్చయించెను. దానితో లింకను తల్లికి గౌరవమైన తండ్రియు, తల్లియు, వాటాగా వచ్చిన పెయ్యయును లభించెను. దేశమంతయు సంతోషించెను.

మరణశాసనము నిజమైనదే. కాని యందలి నాన్సీ వేఱొక నాన్సీ. మన యూళ్లలో అవ్వ పేరును అక్క చెల్లెండ్ర కుమార్తెలకు పెట్టగా, ఒకే యింటిపేరుతో ఒకే పేరు గలవారు ఇద్దఱు ముగ్గురుందురు గదా! హాంక్సువారి యింటను అట్లే జరిగెను. మరణశాసనములోని నాన్సీ, లింకనునకు బాల్యమిత్రుడగు డెన్నిసు హాంక్సునకు తల్లి. లింకను తల్లి యా నాన్సీకి అక్క కుమార్తె. పేరు కలిసినంతమాత్రమున మనిషి కలియదు.

ఈ సంగతిలో లింకను మాటయే యొకటి కలదు. ఆయనతో కలిసి న్యాయవాదవృత్తి చేసిన విలియము హెర్న్‌డన్, 1850 ప్రాంతమున తామిద్దఱును బండిలో కోర్టునకు పోవుచుండగా లింకను తన తల్లినిగూర్చి యొక రహస్యము చెప్పెనని 1889లో ప్రకటించిన పుస్తకమున వ్రాసెను. నాన్సీ లూసీ హాంక్సు కుమార్తె యనియు, లూసీకి పెండ్లి కాకముందు పుట్టినదనియు, ఆమె తండ్రి వర్జీనియాలోని యొక భూస్వామి యనియు లింకను చెప్పెనట. ఈ మాట వెలువడగానే హెర్న్‌డన్‌ను అనేకులు దూషించిరి. చనిపోయిన మిత్రుని తల్లిని అవమానపఱచెనని నిందించిరి.

బార్టన్ మరల దస్తావేజులను వెదకెను. జోసెఫ్ హాంక్సు మరణశాసనమున లూసీ పేరు కానరాదు. అయితే కెంటకీలోని మెర్సర్ జిల్లా కచేరిలో ఆమె జాడ దొరకెను. 1790లో లూసీ హాంక్సు తన చేతితో వ్రాసి సంతకము చేసిన చీటి యొకటి అచ్చట కలదు. హెన్రీ స్పారోను పెండ్లాడుటకు తనకు సమ్మతమని ఆమె యందు తెలిపెను. 1791లో వివాహము జరిగెను. అప్పటికి నాన్సీ ఆఱేడేండ్ల పిల్ల. ఆమెను లూసీ చెల్లెలగు ఎలిజబెత్తు పెంచెను. పాలజబ్బు సంవత్సరమున ఇండియానాలో మరణించిన పినతల్లి యీమెయే. లూసీ చెల్లెండ్ర పేర్లు మరణశాసనమున నుండుటయు, ఆ యింటివారు లింకను కుటుంబముతో చివరవఱకు కలిసి యుండుటయు ఈ వాదమునకు బలము.

బార్టన్‌కు ఎదురుగా లూయిసు ఎ. వారెన్ అను నాయన నిలిచెను. ఆయనయు బోధకుడే, దస్తావేజులను శ్రద్ధతో పరిశోధించినవాడే. లూసీ పుట్టింటి పేరు షిప్లీ యనియు, ఆమె జేమ్సు హాంక్సు అను వానిని పెండ్లాడి వితంతువైనదనియు, నాన్సీ వారికి న్యాయముగా పుట్టిన బిడ్డ యనియు ఆయన 1926లో వాదించెను. ఇద్దఱును సత్యప్రియులు. ఇద్దఱును చూచినవి ఆ కచేరీల కాగితములే. అయినను లూసీ హాంక్సువారి యాడుబిడ్డయా, హాంక్సువారి కోడలా యను నొక్క ప్రశ్నమీద పండితులు రెండు పక్షములైరి. కాగితములతో ఆ తగవు తీఱలేదు.

తీఱినది 2015లో. మన పై తరగతుల విద్యార్థులు జీవశాస్త్రమున మైటోకాండ్రియానుగూర్చి చదివి యున్నారు. కణములోని యా చిన్న భాగములకు సొంత డి.ఎన్.ఏ. కలదు. అది తల్లినుండి మాత్రమే బిడ్డకు వచ్చును. కుమారునకు వచ్చినను అతని సంతానమునకు పోదు. తల్లి, కుమార్తె, కుమార్తె కుమార్తె, ఈ విధముగా స్త్రీల వరుసలో తరతరములు ఇంచుమించు మాఱక నడచును. నాన్సీ కుమార్తె సారా బిడ్డలు లేకయే మరణించినందున నాన్సీనుండి నేరుగా స్త్రీసంతతి లేదు. కనుక పరిశోధకులు ఆమె తల్లి పక్షపు స్త్రీల వరుసలో పుట్టి నేడు జీవించియున్న వారిని వెదకి పట్టుకొనిరి. షిప్లీ స్త్రీల వరుసవారిని గూడ పరీక్షించి సరిపోల్చిరి. హాంక్సువారి వరుసలో మిక్కిలి యరుదైన యొక గుర్తు కనబడెను. షిప్లీవారి వరుసలో అది లేదు. లూసీ జోసెఫ్ హాంక్సునకును అతని భార్య యానునకును పుట్టిన కుమార్తె యనియు, నాన్సీ లూసీ కుమార్తె యనియు దీనివలన తేలెను. ప్రక్క జిల్లా కచేరిలోని కాగితమువలెనే, ఈ సాక్ష్యమును ఎవరును దాచలేదు. అది స్త్రీల దేహములలోనే రెండువందల సంవత్సరములకు మించి భద్రముగా నుండెను. నాన్సీ తండ్రి పేరు మాత్రము ఏ దస్తావేజునందును లేదు.

కాబట్టి మూడు ప్రశ్నలకును మూడు విధములైన సమాధానములు వచ్చెను. తల్లిదండ్రుల వివాహము జరుగలేదన్న నింద అబద్ధము. తండ్రి వేఱొకడన్న పుకారు అబద్ధము. అమ్మమ్మనుగూర్చిన మాట మాత్రము నిజమే. పగవాడు నల్లరంగు పూసినను, మిత్రుడు సున్నము పూసినను, గోడమీది వ్రాత కనబడకుండ పోవుట యొక్కటే. అవమానమునకు వెఱచి కల్పించిన గౌరవమైన వంశవృక్షము గూడ, అసూయచేత కల్పించిన నిందవలెనే, కడపట వీగిపోయెను. నిలిచినది లూసీ హాంక్సు తన చేతితో చేసిన సంతకము. బిడ్డను కని, పిమ్మట నొక మంచివానిని పెండ్లాడి గౌరవముగా జీవించిన యా స్త్రీని రెండువందల సంవత్సరములు మఱుగుపఱచుటవలన ఎవరికి మేలు కలిగెను?

ఈ కథను నాడు విని యా బాలుడు నన్నొక ప్రశ్న యడిగెను. తన తల్లిదండ్రుల పెండ్లి కాగితము దొరకినదని లింకనునకు తెలిసెనా యని యడిగెను. లేదని చెప్పితిని. 1878లో అది దొరకెను. 1865లోనే ఆయన మరణించెను. అట్లయిన ఆ కాగితము లేకుండనే ఆయన యంతటివాడెట్లయ్యెనని వాడు మరల నడిగెను. ఉపాధ్యాయుల కళాశాలలో నేను నేర్చిన పాఠములలో దానికి బదులు లేదు. నేను చెప్పగలిగినది ఇంతమాత్రమే: తండ్రి గతించిన పిమ్మట లింకను తన కుటుంబపు బైబిలులో పుట్టుకలను, పెండ్లిండ్లను, మరణములను తన చేతితో వ్రాసి యుంచెను. ఎవరేమనుకొన్నను, హేక్రాఫ్టు అడిగినప్పుడు తన తల్లి నాన్సీ హాంక్సు అని సిగ్గుపడక చెప్పెను. వాడు కొంతసేపు ఆలోచించి తరగతికి పోయెను. ఆ దినమున వాడు లెక్కలన్నియు సరిగా చేసెనని నాకు జ్ఞాపకము.

తల్లిదండ్రులారా, మీ యింట నొక పుస్తకమును తీసికొని, మీ తల్లి పేరును, ఆమె తల్లి పేరును, వారు పుట్టిన యూళ్ల పేర్లును నేడే వ్రాసియుంచుడు. తెలిసిన తేదిని తేదిగాను, ఊహను ఊహగాను వ్రాయుడు. బిడ్డల యెదుట పొరుగువారి పుట్టుకలనుగూర్చి మాటాడకుడు; మీ మాట మఱునాడు మా పాఠశాలలో నొక బిడ్డ కన్నీరగును. విద్యార్థులారా, తోడివాని రిజిష్టరు గడిలో నేమున్నదని చూడకుడు. లింకనునకు పుట్టుక యొక బీదవడ్రంగి యింట కలిగెను. ఆయన వ్రాసిన విమోచన ప్రకటనమువలన లక్షలకొలది తల్లుల బిడ్డలు బానిసత్వమునుండి విడుదల పొందిరి. ఆ తల్లులలో పెక్కురకు వివాహపు దస్తావేజు లేదు. వారి బిడ్డలకు జననపు తేది లేదు. బానిసలకు అట్టివి వ్రాయింపరాదని యజమానులు తలంచిరి. ఆయన యా ప్రకటనమునకు క్రింద సంతకము చేసినప్పుడు వారి తండ్రులెవరని యడుగలేదు.